సుషీకి వెళ్తే ఎక్కడ కూర్చోవాలి: కౌంటరా, టేబులా?

నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్లు. ఆస్పత్రి పనికో, పెళ్లి బట్టలకో వెళ్లినవాళ్లు సాయంత్రం జపాన్ వంటకం సుషీ పెట్టే ఓ పెద్ద రెస్టారెంటు చూసొద్దామనుకోవడం ఈ మధ్య మామూలైంది. వాళ్లందరి ప్రశ్నా ఒకటే. ఏం పెట్టాలో వంటవాడికే వదిలేసే ఒమకసే బుక్ చేసుకోవాలా, టేబుల్ తీసుకుని మెనూ చూసి చెప్పుకోవాలా, నలుగురికీ కలిపి ఒక ప్లాటర్ తెప్పించుకుంటే సరిపోదా? ఒంగోలు వాళ్లు ఇదే ప్రశ్న హైదరాబాద్ గురించి అడుగుతారు. ఊరు మారినా జవాబు మారదు.

ఎక్కువమంది చేపను చూసి లెక్క వేస్తారు: ఎన్ని రకాలు, సాల్మనా ట్యూనానా, ఎంత ముక్క. తేడా తెచ్చేది మాత్రం అన్నం. నెల్లును పేరులోనే పెట్టుకున్న ఊరివాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. సుషీ అంటే వెనిగర్ పట్టించిన అన్నంతో చేసేది. అన్నం లేకుండా ఉత్త చేప ముక్కలు పెడితే దాని పేరు సాషిమి.

ఆ అన్నం పొట్టి గింజ జపానికా బియ్యంతో వండుతారు. అందులో అమైలోజ్ అనే పిండి పదార్థం తక్కువ, అందుకే గింజకు గింజ అంటుకుంటుంది. మన సాంబా మసూరిలో మనం మెచ్చుకునే పొడిపొడి గుణం ఇక్కడ పనికిరాదు. ఉడికిన అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలో పోసి, బియ్యం వెనిగర్, ఉప్పు, పంచదార కలిపిన పులుపు చల్లి, తెడ్డును కోస్తున్నట్టు ఆడిస్తూ పక్కనుంచి విసనకర్రతో విసురుతారు. పులిహోరకు అన్నాన్ని తాంబాళంలో ఆరబోసి, మెతుకు విరక్కుండా కలిపే పనే ఇది. కొన్నిచోట్ల అన్నం లేత గోధుమ రంగులో ఉంటుంది. పాడైందని కంగారు పడొద్దు, అది సాకే అనే బియ్యపు మద్యం మడ్డితో చేసిన ఎర్ర వెనిగర్ రంగు.

ఈ అన్నం నోట్లోకి వెళ్లేటప్పుడు ఒంటి వేడిమీద, అంటే సుమారు 36, 37 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లబడితే బిరుసెక్కుతుంది, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికి ఏమవుతుందో తెలిసిందే. పైగా నిగిరిని, అంటే అన్నం ముద్దమీద చేప ముక్క పెట్టిన సుషీని, గట్టిగా నొక్కరు. చెయ్యి తడి చేసుకుని, 15, 20 గ్రాముల అన్నం తీసి, చేప ముక్క అడుగున చూపుడువేలితో వసాబి అనే ఘాటైన పచ్చ ముద్ద రాసి, రెండు మూడు తిప్పుల్లో ముద్ద తేలుస్తారు. మెతుకుల మధ్య గాలి ఉండగా పళ్లెంలో పెడితే ముద్ద కళ్లెదుటే రవ్వంత కుంగుతుంది. ఆ క్షణంలో తినాలి. నోరీ అనే ఎండు సముద్రపు నాచు రేకు చుట్టిన రోల్‌కైతే గడువు ఇంకా తక్కువ. అన్నం తడికి ఆ రేకు కొద్ది నిమిషాల్లోనే గాలి తగిలిన అప్పడంలా సాగుతుంది.

చేపల పులుసు మర్నాడు తింటేనే రుచి అనుకునే మనకు ఇది తలకిందుల లెక్క. సుషీలో చెయ్యి నుంచి నోటికి పట్టే సమయమే సరుకు నాణ్యత.

ఆ లెక్కన వంటవాడి ఎదుటే కూర్చునే కౌంటర్‌కు సాటి లేదు. వంటవాడు ముక్క పెట్టిన పది సెకన్లలో అది నోట్లో ఉంటుంది. టేబుల్ దగ్గర ముగ్గురికి కలిపి పన్నెండు ముక్కలు చెప్తే, మొదట చేసిన ముక్క పన్నెండోదాని కోసం కాచుకుంటుంది. తర్వాత వెయిటర్ రావాలి, ఆపైన ఫోటోలు. "ఏందబ్బా, ఇంత డబ్బు పోసి సల్లన్నం తిన్నాం" అని తిరిగొచ్చేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

కౌంటర్ అంటే ఒమకసే ఒక్కటే అనుకోవద్దు. ఒమకసే అంటే మొత్తం వంటవాడికే వదిలెయ్యడం. ధర ముందే ఖాయం, పన్నెండు నుంచి పద్దెనిమిది వరకు వంటకాలు, దాదాపు రెండు గంటలు. అందరికీ ఒకేసారి మొదలుపెడతారు కాబట్టి ఆలస్యమైతే తప్పిపోయినవి మళ్లీ రావు. రాత్రి బండి ఎక్కాల్సినవాళ్లకు ఇది కుదరదు. పచ్చి చేప ఇంకా అలవాటు కానివాళ్లకు సముద్రపు ఉర్చిన్ అనే ముళ్ల జీవి లోపలి భాగం, సాల్మన్ గుడ్లు వరసగా వస్తుంటే డబ్బు కట్టి వదిలెయ్యాల్సి వస్తుంది. కౌంటర్ దగ్గరే కూర్చుని ఒక్కొక్కటిగా చెప్పుకునే పద్ధతి ఇంకోటుంది, ఒకోనోమి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నా ఓటు దీనికే. కొన్నిచోట్ల కౌంటర్‌ను ఒమకసేకే ఉంచేస్తారు, అందుకని బుక్ చేసేటప్పుడే అడగండి.

ఎనిమిది ముక్కలు చాలు. తెల్ల చేపతో మొదలెట్టి స్కాలప్ (గుల్ల చేప), సాల్మన్, కొవ్వు లేని ట్యూనా, ఆ తర్వాత కొవ్వు ట్యూనా. ఆపైన ఉప్పు, వెనిగర్ పట్టించిన సబా (మన కానగంతల చుట్టమే), సాస్ రాసి కాల్చిన ఉనగి (పాములాంటి ఈల్ చేప), చివర తమాగో అనే కోడిగుడ్డు అట్టు. ముందే కొవ్వు ముక్క తింటే తెల్ల చేప చప్పగా తోస్తుంది. చేత్తో తినొచ్చు, తప్పేం కాదు. సోయా సాస్‌లో చేప వైపే అద్దాలి. అన్నం వైపు అద్దితే ఉప్పంతా పీల్చుకుని ముద్ద విడిపోతుంది. వంటవాడు పైన సాస్ రాసిస్తే అసలు అద్దొద్దు. పక్కన పెట్టే అల్లం, ఒక సుషీకీ ఇంకోదానికీ మధ్య నంజుకోవడానికి. వసాబి ముక్కుకెక్కే ఘాటు మన ఆవపిండి ఘాటే, రెండింటిలోనూ ఉన్నది ఒకే పదార్థం. మెనూలో ధర ఒక ముక్కకా రెండింటికా అన్నది ముందే తేల్చుకోండి.

నలుగురు దాటితే టేబులే దిక్కు. అప్పుడు సాషిమి ముందు చెప్పండి, అన్నం గొడవ లేదు కాబట్టి ఆలస్యమైనా నష్టం తక్కువ. నిగిరి నాలుగేసి చొప్పున విడతలుగా చెప్పండి. కోన్‌లా చుట్టే తెమాకి ఆఖర్న, చేతికి అందగానే కొరికెయ్యాలి. కరకర చప్పుడు రాకపోతే అప్పటికే ఆలస్యమైనట్టు.

ప్లాటర్ ఫోటోకు బావుంటుంది. బఫే, పార్సిల్ గురించి మాట్లాడుకోవడం దండగ.

పచ్చి చేపంటే భయపడేవాళ్లకు ఒక మాట. చేపలో ఉండే పురుగుల నుంచి కాపాడేది తాజాదనం కాదు, గడ్డకట్టించడం. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే లెక్క మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు, లేదా మైనస్ 35 దగ్గర గడ్డకట్టించి అక్కడే 15 గంటలు. కాబట్టి మైపాడు ఒడ్డున పొద్దున పడిన చేపను ఇంట్లో పచ్చిగా కోసే ప్రయోగం వద్దు. చెరువు కొరమేను అసలే వద్దు.

బిల్లులో జీఎస్టీ మామూలు రెస్టారెంటుకు 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటల్ లోపలైతే 18. సర్వీస్ చార్జి మాత్రం మీ ఇష్టం. దాన్ని బిల్లులో తమంతట తామే కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది, తీసెయ్యమని అడగొచ్చు.

శాకాహారులకు కీరదోస రోల్, అవకాడో, తీపి టోఫూ సంచిలో అన్నం నింపిన ఇనారి దొరుకుతాయి. కానీ ఇనారిని ఉడికించే రసంలో, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మీసో సూప్‌లో మామూలుగా ఎండు చేప తురుముతో కాచిన దాషి అనే రసం ఉంటుంది. "చేప ఉందా" అంటే లేదనే చెప్తారు. "దాషి దేంతో కాచారు" అని అడగండి.