ఎండాకాలం విశాఖలో స్వీట్‌కార్న్: కొనే చోటు, దిగే చోటు, వండే తీరు

ఎండాకాలం విశాఖ వచ్చి మంచి స్వీట్‌కార్న్ తినాలంటే, బస కుదుర్చుకునేటప్పుడే సగం పని తేలిపోతుంది. గదిలో పొయ్యి ఉండాలి, రైతుబజారు దగ్గర్లో ఉండాలి. ఈ రెండూ కుదిరితే సముద్రం కాస్త దూరమైనా ఫర్వాలేదు. పొత్తు విరిచిన దగ్గర్నుంచి గింజలోని చక్కెర పిండిగా మారుతూనే ఉంటుంది. పాత తీపి రకాలైతే 30 డిగ్రీల వేడిలో ఒక్క రోజులోనే సగానికి పైగా తీపి పోగొట్టుకుంటాయి. ఇప్పుడొచ్చే అతితీపి హైబ్రిడ్లలో ఆ మార్పు నెమ్మదే గానీ, వాటిలోనూ నీరు ఆరిపోయి గింజ పైపొర తోలులా సాగుతుంది. మే నెల వేడిలో పొద్దున కొన్నది మధ్యాహ్నం భోజనానికల్లా వండేయాలి.

కొనడానికి మా మొదటి ఓటు ఎంవీపీ కాలనీ రైతుబజారుకి, తర్వాత సీతమ్మధారకి. 1999లో మొదలైన రైతుబజార్ల పద్ధతి ప్రకారం ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, కాబట్టి కొత్తవాళ్లకి బేరం బెంగ ఉండదు. ఏడు గంటల లోపు వెళ్లాలి. పూర్ణా మార్కెట్‌లో సరుకు రాశి ఎక్కువ, ఏరుకునే వీలూ ఎక్కువే. కానీ అక్కడ గోనె సంచుల్లో రాత్రంతా కూరి ఉన్న పొత్తులు కూడా కలిసిపోతాయి. ఒక పరీక్ష ఉంది: కుప్ప మధ్యలోకి చెయ్యి దూర్చండి. తాజా పొత్తుల కుప్ప లోపల చల్లగా, తేమగా తగులుతుంది. నిన్నటి కుప్ప వెచ్చగా, జ్వరమొచ్చిన ఒంటిలా ఉంటుంది. పొత్తులు ఊపిరి పీలుస్తూ వాటి వేడికి అవే ఉడుకుతున్నాయన్నమాట. అలాంటి కుప్ప ఎంత చవకైనా వదిలేయండి.

ఏరేటప్పుడు పొట్టు మొత్తం ఒలవక్కర్లేదు, ఒలిచి పారేస్తే అమ్మే ఆవిడకి నష్టం కూడా. పొట్టు ఆకుపచ్చగా, బిగుతుగా ఉండాలి. పీచు కొస గోధుమరంగుకి తిరిగి, మొదట్లో ఇంకా జిగురుగా ఉండాలి. పీచు మొత్తం లేతాకుపచ్చగా ఉంటే గింజ పట్టలేదని, మొదలంటా ఎండి పొడిపొడి అవుతుంటే ముదిరిందని. కాడ కోసిన చోటు తెల్లగా తడిగా ఉంటే ఆ పొద్దుటిదే. పొట్టు మీదుగానే కొస నొక్కి చూడండి: మొండిగా తగిలితే గింజ కొసదాకా ఉంది, సూదిగా తగిలితే ఖాళీ. అనుమానమైతే పైన రెండంగుళాలు తీసి ఒక గింజని గోటితో గిచ్చండి. పాలు చిమ్మితే సరైన పదును, ముద్దలా వస్తే ముదురు. అతితీపి రకాల్లో పాలు పల్చగానే వస్తాయి, దాన్ని చూసి మరీ లేతదని వదులుకోకండి.

ఎండాకాలపు పొత్తులో మధ్యమధ్య గింజలు లేకపోవడం మామూలే. పీచు వచ్చే రోజుల్లో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి మాడిపోయి కొన్ని గింజలు కట్టవు. ఉన్న గింజల రుచికి లోటుండదు, ధర తగ్గించి ఇస్తే తీసుకోవచ్చు. పొట్టు మీద కన్నం, దాని చుట్టూ తడిసిన రంపపు పొట్టులాంటిది కనిపిస్తే మాత్రం లోపల పురుగుంది. 2018లో మన దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు పొత్తునీ వదలదు. కొసలో అంగుళం తిన్నదైతే ఆ ముక్క నరికేసి మిగతాది వాడుకోవచ్చు.

యాప్‌లో తెప్పించుకునే స్వీట్‌కార్న్ సంగతి: పది నిమిషాల్లో ఇంటికొస్తుంది, నిజమే, కానీ తరచుగా పొట్టు ఒలిచి ప్లాస్టిక్ పొర చుట్టినదే వస్తుంది. గింజల నెత్తిన సొట్టలు పడి ఉంటే నీరు పోయినట్టే. గారెలకి పనికొస్తుంది గానీ ఉడకబెట్టి తినడానికి కాదు.

బస విషయానికొస్తే, బీచ్ రోడ్డు హోటళ్లూ రుషికొండ రిసార్టులూ హాయిగా ఉంటాయి, కానీ వంటకి వీలుండదు. అక్కడ దిగితే పొట్టుతోనే పొత్తులిచ్చి 'ఒలవకుండా పది నిమిషాలు ఆవిరి పెట్టండి' అని వంటగదిని అడగడం ఒక్కటే దారి. కొన్నిచోట్ల చేసిపెడతారు, కొన్నిచోట్ల బయటి సరుకు ముట్టరు. బుక్ చేసేముందే అడగడం మేలు. ఎంవీపీ, లాసన్స్ బే, సిరిపురం వైపు సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకుంటే బజారు దగ్గర, సాయంత్రం సముద్రమూ దగ్గరే. తీసుకునే ముందు పొయ్యి గ్యాసా, ఇండక్షనా అని కనుక్కోండి. ఇండక్షన్ అయితే అల్యూమినియం ఇడ్లీపాత్ర దాని మీద వేడెక్కదు, అయస్కాంతం అతుక్కునే స్టీలు గిన్నె కావాలి. ఫ్రిజ్ పెద్దదో, సీసాలు పెట్టే బుల్లిదో కూడా అడగండి. బుల్లిదాంట్లో పొత్తులు సరిగ్గా చల్లబడవు. ఒక పూట ఉంచాల్సొస్తే పొట్టు తీయకుండా తడిగుడ్డ చుట్టి పెట్టండి.

ఇక వండటం. నాలుగు పొత్తులకి రెండు లీటర్ల నీళ్లు తెర్లనిచ్చి, పొట్టు ఒలిచి వేసి ఐదు నిమిషాలు, అంతే. నాటు మొక్కజొన్న పొత్తుల అలవాటుతో కుక్కర్లో నాలుగు కూతలు పెట్టేవాళ్లున్నారు. స్వీట్‌కార్న్‌లో పిండి తక్కువ, నీరెక్కువ కాబట్టి గింజ చిట్లి తీపంతా నీళ్లలోకి దిగిపోతుంది. మాకు ఆవిరే ఇష్టం. ఇడ్లీపాత్రలో రేకులు తీసి, అడుగున రెండు గ్లాసుల నీళ్లు, పైన చిల్లుల పళ్లెం మీద పొత్తులు, ఏడెనిమిది నిమిషాలు. లోపలి రెండు పొట్టు పొరలు ఉంచేస్తే ఆకు వాసన కూడా గింజకి పడుతుంది. ఉప్పు దింపాకే రాయాలి. నీళ్లు బోరువైతే వాటితో ఉడకబెట్టకండి, ఉప్పదనం గింజకి పడుతుంది. మంచినీళ్లు తక్కువుంటే ఆవిరికి రెండు గ్లాసులు చాలు కదా.

కాల్చుకునే పొత్తు కోసం ఆర్కే బీచ్‌కి వెళ్లండి, కానీ అక్కడ నాటుదే అడగండి. స్వీట్‌కార్న్ నిప్పుల మీద నీరు కారి ముడుచుకుపోతుంది, నాటు గింజలోని పిండి మాత్రం కమ్మగా మాడుతుంది. సాయంత్రం సముద్రపు గాలికి బొగ్గులు ఒకవైపే రాజుకుంటాయి. అందుకే గాలికి అడ్డం పెట్టుకుని, విసురుతూ, పొత్తుని తిప్పుతూనే ఉండే బండి ఎంచుకోండి. ముందే కాల్చి పేర్చినవి వద్దు, చల్లారితే గింజ రాయి అవుతుంది. నిమ్మచెక్కని ఉప్పుకారంలో అద్ది, వేడిమీదే గింజల సందుల్లోకి దిగేలా గట్టిగా రుద్దించుకోవాలి. కప్పుల్లో వెన్న, మసాలా కలిపి ఇచ్చే గింజలు చాలాచోట్ల ఫ్రోజెన్‌వి. పిల్లలకి సరదా, అంతకుమించి చెప్పేదేం లేదు.

అరకు కూడా కలుపుకునేవాళ్లకి ఒక మాట. ఆ రైలుదారి, సొరంగాలు చూసి తీరాల్సినవే. కానీ కొండమీద మొక్కజొన్న ఎక్కువగా వానలతో వేసేది, లేత పొత్తు ఆగస్టు దాటాకే. మేలో అక్కడ పొత్తు దొరికితే ఏ ఊరిదో అడిగి కొనండి.

మిగిలినవాటితో గారెలు. రెండు కప్పుల గింజలు, రెండు గంటలు నానిన పావుకప్పు శనగపప్పు, నాలుగు పచ్చిమిర్చి, అంగుళం అల్లం, చెంచా జీలకర్ర, చుక్క నీళ్లు పోయకుండా బరకగా రుబ్బాలి. రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి కలపాలి. ఉప్పు మాత్రం నూనె కాగాకే వేయండి, ముందే వేస్తే పిండి నీరోడి చేతిలో నిలవదు. మంట మధ్యస్తంగా ఉండాలి. తీపి గింజ కదా, పెద్దమంట మీద పైన నల్లబడి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

ఊరికి పట్టుకెళ్లాలంటే పచ్చి పొత్తులు రైల్లో పెట్టకండి. మరిగే నీళ్లలో మూడు నిమిషాలు, వెంటనే ఐసునీళ్లలో మూడు నిమిషాలు ఉంచి, తుడిచి, గింజలు కోసి, గాలి లేకుండా సంచిలో కట్టి, రాత్రంతా డీప్‌ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. థర్మోకోల్ డబ్బాలో ఐసుతో సర్దితే హైదరాబాదు దాకా ఢోకా లేదు. ఇల్లు చేరగానే మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లాలి. దారిలో పూర్తిగా కరిగిపోయి ఉంటే ఆ పూటే వండేయండి.