బానెట్ తెరుచుకోని కారుతో కొండెక్కిన సంగతి

ఈ టూర్‌లో అందరికన్నా తక్కువ డబ్బు తీసుకుని అందరికన్నా మంచి పని చేసింది ఒక షెడ్డు మెకానిక్. అందరికన్నా ఎక్కువ అడిగి ఏమీ చెయ్యనిది, రోడ్డు మీద బండి ఆగితే ఆదుకుంటామని చెప్పుకునే ఒక సర్వీస్. కొండ బాగుంది, మంచు బాగుంది, వ్యూ పాయింట్ దగ్గర పిల్లలు కావలసినన్ని ఫొటోలు దిగారు. వాటి గురించి ఇంతకన్నా రాయడానికి లేదు. మిగతాదంతా కారు బానెట్ కథే.

కారు మా మామగారిది. ఇరవై ఏళ్లు దాటిన చిన్న హ్యాచ్‌బ్యాక్. ఇంజిన్ బాగానే ఉంటుంది, ఆయన కూడా దాన్ని ప్రాణంగా చూసుకుంటారు. ఘాట్‌లో సగం దూరం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు కదిలింది. ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, అద్దాలు దించాం. వేసవిలో హీటర్ ఏమిటని పిల్లలు గోల పెట్టారు గానీ, ఇంజిన్ వేడిలో కొంత క్యాబిన్‌లోకి లాగేస్తుంది కాబట్టి ఆ ఉపాయం పనిచేస్తుంది. కాస్త వెడల్పుగా ఉన్న చోట బండి ఆపి, చల్లారేదాకా ఆగి, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఎంత ఉందో చూద్దామని కారు లోపలున్న బానెట్ లివర్ లాగాను. లివర్ చేతిలోకి మెత్తగా వచ్చేసింది. బానెట్ మాత్రం కదల్లేదు.

"గట్టిగా లాగు బావా" అన్నాడు మా బావమరిది. "మెల్లగా, మెల్లగా" అన్నారు మామగారు. మా ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. ముల్లు దిగింది కదా, పోనిద్దామా అంటే ఎలా? లోపల కూలెంట్ ఉందో లేదో తెలియకుండా ఆ ఎత్తు ఎక్కితే ఇంజిన్‌లో హెడ్ గాస్కెట్ అనే సీలు పోయే ప్రమాదం ఉంది. అందుకే సర్వీస్‌కి ఫోన్ చేశాం.

ఇక్కడ ఖర్చుల సంగతి చెప్పాలి. ఊరికో రేటు ఉంటుంది కాబట్టి మేం దిగిన లాడ్జిలో ఒక గదికి ఒక రాత్రి అద్దెనే కొలతగా పెట్టి చెప్తాను. అప్పుడు ఎవరి లెక్క వాళ్లు వేసుకోవచ్చు. సర్వీస్ విజిట్ ఛార్జి ముప్పావు అద్దె. ఈ డబ్బు ముందే కట్టాలి. పని అయినా కాకపోయినా వెనక్కి రాదని ఫోన్‌లో చెప్పలేదు, రసీదులో చిన్న అక్షరాల్లో ఉంది.

వచ్చిన కుర్రాడు యూనిఫామ్ వేసుకున్నాడు, చేతిలో ట్యాబ్ ఉంది, బండిలో సామాను నిండుగా ఉంది. కారు డోరు తీసి లోపలికి చూడనైనా లేదు. లివర్ వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా ముందుకొచ్చి బానెట్ అంచు కింద రెండు వేళ్లు పెట్టి లాగాడు, రాలేదు. వెంటనే వెళ్లి చిన్న సైజు గునపం లాంటి రాడ్ తెచ్చాడు. మామగారు బానెట్‌కి అడ్డంగా నిలబడ్డారు. ఆయన్ని అంత కోపంగా నేనెప్పుడూ చూడలేదు.

"సార్, లాక్ జామ్ అయింది. లేపితే రేకు వంగుతుంది, లేదంటే కట్ చెయ్యాలి. బానెట్ కొత్తది, లాక్ కొత్తది, పెయింట్, అంతా మా వర్క్‌షాప్‌లోనే చేస్తారు" అని ట్యాబ్‌లో లెక్క వేసి చూపించాడు. పన్నెండు రాత్రుల గది అద్దె! వద్దన్నాం. అయితే బండిని లాడ్జి దాకా లాక్కెళ్లడానికి ఇంకో అద్దెన్నర అన్నాడు. నాలుగు మలుపుల దూరం. అడిగితే "మినిమమ్ ఛార్జి అంతే సార్" అన్నాడు. ఘాట్‌లో చీకటి పడుతుంటే బేరమాడే ఓపిక ఎవరికుంటుంది, ఇచ్చేశాం.

లాడ్జి గురించి కూడా రెండు మాటలు. బుకింగ్‌లో "ఉచిత పార్కింగ్" అని ఉంది. మా బండి వెనక టోయింగ్ వాహనం చూడగానే మేనేజర్‌కి కొత్త రూలు గుర్తొచ్చింది. నడవని బండి అయితే లోపల పెట్టడానికి పావు అద్దె ఎక్స్‌ట్రా అట. నడవని బండి నడిచే బండి కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుందా అని మా ఆవిడ అడిగింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు, డబ్బు మాత్రం తగ్గించలేదు. గదిలో దుప్పట్లు తడిగా ఉన్నాయి, గీజర్ స్విచ్ ఆన్‌లో ఉండి నీళ్లు చల్లగా వచ్చాయి. ఆ లాడ్జిలో మాకు పనికొచ్చిన ఒకే ఒక్క మనిషి రాత్రి వాచ్‌మన్. "పొద్దున్నే కింద షెడ్డు పెద్దాయన్ని పిలుస్తానండీ, పాత బళ్లంటే ఆయనే" అన్నాడు.

పెద్దాయన వచ్చి బానెట్ దగ్గరికి పోలేదు. ముందు అడిగిన మాట: "లివర్ లూజుగా వస్తోందా, బిగుసుకుపోయిందా?"

ఆ ప్రశ్నకే డబ్బు ఇవ్వొచ్చు. సమస్య ఎక్కడుందో సగం అందులోనే తెలిసిపోతుంది. లివర్ ఏ పట్టూ లేకుండా వచ్చేస్తే, లివర్ నుంచి ముందున్న లాచ్‌కి, అంటే బానెట్‌ని పట్టి ఉంచే గొళ్లానికి, వెళ్లే కేబుల్ తెగిందన్నమాట, లేదా ఎక్కడో కొక్కెంలోంచి ఊడిందన్నమాట. రాయిలా బిగుసుకుంటే కేబుల్ దాని తొడుగు లోపల తుప్పుపట్టి పట్టేసింది, లేదా ముందున్న లాచ్ పట్టేసింది. అలాంటప్పుడు బలంగా లాగితే ప్లాస్టిక్ లివర్ విరిగి పని రెండింతలవుతుంది. లివర్ మామూలుగా వచ్చి ముందు టక్కుమని చప్పుడైనా బానెట్ లేవకపోతే లాచ్‌లో దుమ్మో తుప్పో చేరింది, లేదా బానెట్ దాన్ని గట్టిగా నొక్కుతోంది. అంగుళం లేచి ఆగితే అది జామ్ కాదు. లాచ్ విడిచినా బానెట్ పూర్తిగా లేవకుండా ఆపే రెండో కొక్కెం తన పని తాను చేస్తోంది, అంతే.

మాది మొదటి రకం. పెద్దాయన డాష్‌బోర్డు కింద తల పెట్టి, టార్చి వేసి, నన్ను కూడా వంగి చూడమన్నారు. కేబుల్ తెగలేదు. పైనున్న నల్ల తొడుగు దాని బ్రాకెట్ లోంచి ఊడిపోయింది. దాంతో లివర్ లాగితే లోపలి తీగతో పాటు తొడుగు కూడా వస్తోంది. తొడుగు కదలకుండా ఉండి తీగ ఒక్కటే జరిగితేనే అవతల లాచ్ విడుస్తుంది. ఆయన ఒక పట్టకారుతో తొడుగు పట్టుకుని, ఇంకో పట్టకారుతో తీగ చివర పట్టుకున్నారు. మా బావమరిదిని బానెట్ ముందు అంచు మీద, సరిగ్గా లాచ్ ఉండే చోట రెండు అరచేతులతో నొక్కమన్నారు. నొక్కితే లాచ్ మీది ఒత్తిడి తగ్గుతుంది, పట్టేసిన కొక్కెం అప్పుడు జరుగుతుంది. తీగ లాగి పట్టుకుని "ఇప్పుడు వదులు బాబూ" అన్నారు. టక్! మామగారి మొహం చూడాలి.

సర్వీస్ కుర్రాడు ఆ డోరు తీసి ఒక్కసారి వంగి ఉంటే ఇది ఘాట్ మలుపులోనే అయిపోయేది. నా ఫిర్యాదు అతని అనుభవం మీద కాదు. ఏం చూడాలో నేర్పకుండా, ఎంత బిల్లు వెయ్యాలో మాత్రమే నేర్పి పంపిన వాళ్ల మీద.

కేబుల్ నిజంగానే తెగితే ఏం చేస్తారని అడిగాను. లివర్ దగ్గర తెగితే మిగిలిన తీగ కొసని పట్టకారుతో పట్టి లాగితే సరిపోతుందట. లాచ్ దగ్గర తెగితే గ్రిల్ సందులోంచి టార్చి వేసి, పొడవైన స్క్రూడ్రైవర్‌తోనో కొస వంచిన గట్టి తీగతోనో కొక్కేన్ని పక్కకు నెట్టాలి. గ్రిల్ లోంచి దారి లేకపోతే కింది ప్లాస్టిక్ షీల్డ్ విప్పి పైకి చెయ్యి పెట్టాలి. అప్పుడు బండిని జాకీ ఒక్కదాని మీద వదిలి కిందికి దూరకూడదు, స్టాండ్లు పెట్టాల్సిందే. ఇంకో సంగతి ఆయన గట్టిగా చెప్పారు. వేడి ఇంజిన్ అయితే చాలా బళ్లలో తాళం తీసేసినా రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరగొచ్చు, చల్లారకుండా వేళ్లు పెట్టొద్దన్నారు. బిగుసుకున్న లాచ్ అయితే గ్రిల్ లోంచి తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే చేసి కాసేపు వదిలెయ్యాలి. ఓపిక పట్టనివాళ్లే గునపం పడతారన్నారు.

అన్ని పాత బళ్లకీ ఈ గ్రిల్ ఉపాయం పనికిరాదని కూడా తెలుసుకోండి. బీఎండబ్ల్యూ ఈ30, పాత సాబ్ 900 లాంటి కార్లకి బానెట్ ముందువైపు కీలు మీద తిరుగుతుంది, తెరుచుకునేది అద్దం వైపు. గ్రిల్‌లో ఎంత పొడిచినా అక్కడ లాచ్ ఉండదు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకైతే ముందు బానెట్ కింద ఉండేది డిక్కీ, ఇంజిన్ వెనక ఉంటుంది.

బానెట్ తెరిచాక అసలు జబ్బు కనిపించింది. కూలెంట్ గొట్టం బిగించే క్లిప్పు దగ్గర చెమ్మ, కూలెంట్ డబ్బా ఖాళీ. క్లిప్పు బిగించి, చల్లారిన రేడియేటర్‌లో కూలెంట్ పోశారు. తొడుగుని బ్రాకెట్‌లో తిరిగి కూర్చోబెట్టి కేబుల్ టైతో కట్టారు, లాచ్ తుడిచి గ్రీజు పెట్టారు. మా బావమరిది వెంటనే బానెట్ వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. ముందు స్క్రూడ్రైవర్‌తో లాచ్‌ని చేత్తోనే లాక్ చేసి, నన్ను లోపల లివర్ లాగమన్నారు. విడిచింది. మళ్లీ లాక్, మళ్లీ లాగడం. తెరిచి ఉండగా పనిచేస్తుందని చూసుకున్నాకే మూయాలట. కేబుల్ బాగుచెయ్యకుండా మూసేసి, మళ్లీ అదే పాట్లు పడేవాళ్లు ఎంతో మంది ఉన్నారని నవ్వారు.

"లేకపోతే రెండో కొక్కెం మీద వదిలేసి నడిపితే పోదా" అన్నాడు మా బావమరిది. పోదు. గాలికి బానెట్ లేచి అద్దం మీద పడితే రోడ్డు కనపడదు. ఆ ప్రమాదం నుంచి కాపాడటానికే రెండో కొక్కెం పుట్టింది. అమెరికాలో 1969 నుంచి అమల్లో ఉన్న 113వ నంబరు భద్రతా ప్రమాణం దాన్ని తప్పనిసరి చేసింది. అది ఆఖరి రక్షణే గానీ, దాని మీద ఆధారపడి ప్రయాణం చెయ్యడానికి పెట్టింది కాదు.

పెద్దాయన తీసుకున్నది, కూలెంట్ ఖరీదుతో కలిపి, పావు అద్దె. అంటే బండి లాడ్జి లోపల పెట్టినందుకు మేనేజర్ తీసుకున్నంత! మా ఆవిడ ఇంకొంత కలిపి ఇస్తే, ముందు వద్దన్నారు, తర్వాత తీసుకున్నారు.

దిగి వచ్చాక కొత్త కేబుల్ వేయించాం. ధర ఐదో వంతు అద్దె, కూలీ కూడా అంతే. మీరు వేయించేటప్పుడు కొత్త కేబుల్‌ని పాతదాని చివరకు కట్టి పాతదాన్ని లాగమనండి. డాష్‌బోర్డు విప్పకుండా దారి తప్పకుండా వచ్చేస్తుంది. లాచ్ దగ్గర ఒక సన్నని గట్టి తీగని ఉచ్చు కట్టి, కిందినుంచి చేతికి అందేలా, ఫ్యాన్‌కి తగలకుండా పెట్టించాను. రేపు కేబుల్ తెగినా దాన్ని లాగితే చాలు. చాలామంది పాత బళ్ల వాళ్లు ఇలా పెట్టుకుంటారు.

లాడ్జిని పాత బండితో వెళ్లేవాళ్లకి చెప్పను, కొత్త బండితో వెళ్లేవాళ్లకీ చెప్పను. సర్వీస్‌కి ఫోన్ చేసేవాళ్లు మాత్రం డబ్బు కట్టకముందే రెండు అడగండి: పని కాకపోతే విజిట్ ఛార్జి వెనక్కిస్తారా, కనీస టోయింగ్ ఎంత? జవాబు మెసేజ్‌లో పెట్టమనండి. మా విజిట్ ఛార్జి వెనక్కి ఇవ్వమని రాస్తే, "టెక్నీషియన్ హాజరయ్యారు కాబట్టి సేవ పూర్తయింది" అని జవాబు వచ్చింది. సేవ అంటే రాడ్ చూపించడమా అని మామగారే స్వయంగా మళ్లీ రాశారు. దానికింకా జవాబు రాలేదు.