రోబోనా, మరమనిషా?

అనువాదం చేసేటప్పుడల్లా నాకు ఇదే తగువు.

'రోబో' చెక్ భాషలోంచి వచ్చిన మాట. 1920లో కారెల్ చాపెక్ 'ఆర్.యు.ఆర్.' నాటకం రాస్తూ, అందులోని కృత్రిమ పనివాళ్లకు లాటిన్ నుంచి తెచ్చిన 'లాబోరి' అనే పేరు పెడదామనుకున్నాడు. మరీ పుస్తకాల వాసన కొట్టిందట. అన్న యోసెఫ్ చిత్రకారుడు. బొమ్మ వేస్తూ, కుంచె నోట్లో పెట్టుకునే 'అయితే రోబోట్లు అను' అని గొణిగాడని కారెల్ చెప్పుకున్నాడు. మూలం 'రోబొట'. అంటే రైతు దొర పొలంలో కూలి లేకుండా చేసే పని. తెలంగాణలో దానికి అచ్చంగా సరిపోయే మాట ఉంది: వెట్టి.

'మరమనిషి'లో ఆ వెట్టి బాధ లేదు. కానీ వినగానే బొమ్మ కడుతుంది. పిండిమర, మరమగ్గం, మరచెంబు తెలిసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, చాపెక్ రోబోట్లలో మర అనేదే లేదు. కృత్రిమ జీవపదార్థాన్ని తొట్లలో కలిపి కాలేయాలూ మెదళ్లూ చేస్తారు, నరాలు వడుకుతారు. ఇనప ఒళ్లు తర్వాతివాళ్లు తొడిగిందే. ఇక ఇవాళ ఇల్లు ఊడ్చే గుండ్రటి యంత్రాన్ని మరమనిషి అనాలంటే, అందులో మనిషేడీ?

అందుకే కథలో రెండు కాళ్లతో నడిచొస్తే మరమనిషి అంటాను. ఫ్యాక్టరీలో కారు తలుపులు అతికించే చెయ్యయితే రోబో. చాపెక్ నాటకాన్నే తెలుగు చేయాల్సి వస్తే మాత్రం రెండూ పక్కనపెట్టి 'వెట్టివాళ్లు' అని రాస్తాను.