తుంగ మందు: ఎకరం ప్యాకెట్ కొని అర గ్రాము వాడినవాడి రివ్యూ

లాన్‌లో మొలిచే తుంగ అనే కలుపును చంపే మందు ఇది, అసలు పేరు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం డబ్ల్యూజీ (నీళ్లలో కలిపే గుళికలు). పేరు పలకడానికి నోరు తిరగదు కానీ ఎరువుల దుకాణంలో "తుంగ మందు" అంటే చాలు, తీసి ఇస్తారు. చాలా కంపెనీలు రకరకాల పేర్లతో అమ్ముతున్నాయి, అన్నిట్లో ఉండేది ఒకటే కాబట్టి బ్రాండు జోలికి పోవడం లేదు. పోయిన ఆగస్టులో మొదటిసారి, అక్టోబరులో రెండోసారి మా ఇంటి ముందు లాన్‌లో కొట్టాను. ఒక వానాకాలం దాటి మళ్లీ వానలు మొదలయ్యాక రాస్తున్నా. మందు కొట్టిన వారానికే రివ్యూ రాస్తే అది రివ్యూ కాదు, ఎందుకో కింద చెప్తాను.

మాది హైదరాబాద్ శివార్లలో ఇల్లు, ముందు 60 గజాల లాన్. కొరియన్ కార్పెట్ గడ్డి పలకలు తెచ్చి పరిపించాం, కింద రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి. మొదటి ఏడు బాగానే ఉంది. రెండో ఏడు జూన్ వానలు పడగానే అక్కడక్కడ ముదురాకుపచ్చ పోచలు నిక్కబొడుచుకుని లేచాయి. ఆదివారం మిషన్‌తో కోస్తే మంగళవారానికల్లా మిగతా గడ్డి కంటే రెండంగుళాలు పైకొచ్చేసేవి. పీకాను. పీకితే ఇంకా పెరిగాయి. నిజంగానే, ఒకటి పీకిన చోట మూడు వచ్చాయి.

ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్ ఒకటి పెట్టుకున్నా. ఒక ఫొటోకు ఊద గడ్డి అంది, ఇంకో ఫొటోకు ఏదో అలంకార మొక్క పేరు చెప్పింది. తప్పు దానిదొక్కదానిదే అనను. ఆకు మాత్రమే ఉన్న ఫొటో చూసి గడ్డి జాతిని పోల్చడం మనుషులకే కష్టం, పూత ఉంటే తప్ప తేడా తెలియదు, నేనేమో పూత రాకుండా వారం వారం కోసేస్తున్నాను. నెలవారీ గార్డెన్ సర్వీస్ వాళ్లను అడిగితే "అది వాన గడ్డి సార్, చలికాలం వస్తే పోతుంది" అన్నారు. చలికాలంలో నిజంగానే వాడిపోయింది. మార్చిలో నీళ్లు పెట్టగానే రెట్టింపు వచ్చింది. ఆ సర్వీస్ మానేశాను, వాళ్ల మిషన్ చప్పుడు తప్ప పోగొట్టుకున్నదేమీ లేదు.

అసలు సంగతి చెప్పింది మా తెనాలి దగ్గర ఊళ్లో ఎరువుల దుకాణం ఆయన. ఫోన్‌లోనే అడిగాడు, "కాడ వేళ్ల మధ్య పెట్టి తిప్పండి బాబూ, గుండ్రంగా తిరుగుతోందా, పలకలు తగులుతున్నాయా?" బయటికెళ్లి తిప్పి చూశా. మూడు పలకలు, స్పష్టంగా. "పీకినప్పుడు కింద నల్లటి గడ్డ వచ్చిందా?" ఎప్పుడూ రాలేదు, కాడ పుటుక్కున తెగొచ్చేది. గునపంతో తవ్వితే అప్పుడు దొరికింది, వేరుశెనగ గింజంత నల్లటి గడ్డ, దాన్నుంచి సన్నటి తీగ, తీగ చివర ఇంకో గడ్డ, దండ గుచ్చినట్టు. గోరుతో గిల్లితే సువాసన. తుంగముస్తలు, అంటే తుంగ మొక్క గడ్డలు. మూలికల కొట్లో డబ్బిచ్చి కొనే సరుకు, ఆయుర్వేదంలో జ్వరానికీ అజీర్ణానికీ వాడేదీ అదే, నా లాన్ కింద బస్తాకు సరిపడా ఉందని అప్పటిదాకా తెలియదు.

అంటే ఆ తుంగ అసలు గడ్డి కాదన్నమాట. చూడ్డానికి గడ్డిలా ఉంటుంది గానీ జాతి వేరు. గడ్డి జాతి కాడలకు కణుపులుంటాయి, చాలావాటికి లోపల బోలుగా ఉంటుంది. తుంగ కాడకు కణుపుల్లేవు, లోపల నిండుగా ఉంటుంది, ఆకులు మూడు వైపులకు వస్తాయి, పూత ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. గరికతో పోల్చుకుంటే ఇంకా తేలిక, గరిక నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు దించుతుంది. వినాయక చవితికి కోసుకునేది కాబట్టి దాన్ని మనలో చాలామంది గుర్తుపట్టగలరు. పీకితే పెరగడానికి కారణం కూడా ఆ గడ్డల దండే. పైమొక్క పోగానే కింద నిద్రపోతున్న గడ్డలు లేస్తాయి. మనం పీకుతున్నాం అనుకుంటాం, నిజానికి నిద్ర లేపుతున్నాం.

మందు దగ్గరికి వచ్చే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఊరి ఆయనకు ఫోన్ చేయకముందు, ఇక్కడ దగ్గర్లో ఒక దుకాణంలో మామూలు "గడ్డి మందు" ఇచ్చారు, అంటే గ్లైఫోసేట్. మా బావమరిది ఉత్సాహంగా ఒక మూల కొట్టాడు. పది రోజుల్లో ఆ మూల మొత్తం ఎండుగడ్డి, కార్పెట్‌తో సహా. నెల తిరక్కుండా ఆ ఖాళీలో మొదట మొలిచింది మళ్లీ తుంగే. పైగా గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ కొట్టకూడదని 2022 అక్టోబరులోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, అది మాకు తర్వాత తెలిసింది. అడగ్గానే చేతిలో పెట్టినవాళ్లకు మాత్రం తెలియకుండా ఉంటుందా?

ఇక తుంగ మందు. లేబుల్ మోతాదు ఎకరానికి 36 గ్రాములు, చెరకు, మొక్కజొన్న లాంటి పంటల కోసం రాసింది. నాకు దొరికింది ఎకరం ప్యాకెట్టే, ధర వెయ్యి పైచిలుకు. ఎకరం అంటే 4,840 గజాలు, నాది 60. లెక్క కడితే 0.45 గ్రాము వచ్చింది. చిటికెడు కూడా కాదు. వంటింటి స్పూనుతో అయ్యే పని కాదు కాబట్టి ఆన్‌లైన్‌లో నగలు తూచే చిన్న కాటా తెప్పించాను, మందు కోసం కాటా కొన్న మొదటి మనిషిని నేనేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నీళ్లు రెండున్నర లీటర్లు, విడిగా కొన్న స్టిక్కర్ (మందు ఆకుకు అంటుకునేలా కలిపేది) కొంచెం. తుంగ ఆకు మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది, స్టిక్కర్ లేకపోతే చుక్కలు జారిపోతాయి.

కొట్టడానికి రెండు రోజుల ముందు కోత ఆపాను, తర్వాత ఇంకో రెండు రోజులు. ఆకు కాస్త ఉంటేనే కదా మందు లోపలికి దిగేది. నాలుగు గంటలైనా వాన పడకూడదు, ఆగస్టులో హైదరాబాద్‌లో అలాంటి సాయంత్రం దొరకబుచ్చుకోవడమే అసలు టెన్షన్. గ్లవ్స్, మాస్కు, ఫుల్ ప్యాంటు, మామూలే.

మొదటి వారం ఏమీ జరగలేదు. నిజంగా ఏమీ. తొమ్మిదో రోజు డబ్బు దండగ అనుకున్నా. తర్వాత గమనిస్తే, చావలేదు గానీ పెరగడం ఆగిపోయింది, కోసిన ఎత్తులోనే ఉండిపోయింది. ఈ మందు పనిచేసేది అలాగే, మొక్క ఎదగడానికి కావలసిన కొన్ని అమైనో ఆమ్లాలు తయారు కాకుండా ఆపుతుంది, అంటే ఆకలితో మాడుస్తుంది. రెండు వారాలకు పసుపు, నాలుగో వారం గోధుమ రంగు. కార్పెట్ గడ్డి కొసలు కొద్దిగా పాలిపోయాయి, పది రోజుల్లో తేరుకున్నాయి. తవ్వి చూస్తే కొన్ని గడ్డలు మెత్తబడ్డాయి, కొన్ని గట్టిగానే ఉన్నాయి. ఆ గట్టివే సెప్టెంబరు ఆఖరుకు పలుచగా లేచాయి. రెండోసారి కొట్టాల్సి వచ్చింది అందుకే. ఈ జూన్‌కు లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే మిగిలాయి, మొన్న లెక్కపెట్టాను కూడా, 23.

మరి అయిదుకు అయిదు ఎందుకు ఇవ్వనంటే, మొదటిది ప్యాకెట్. రైతుకు సరే, ఇంటివాడికి రెండు పిచికారీలు పోగా 35 గ్రాములు మిగిలిపోతుంది. పప్పు డబ్బాలోకి మార్చే పని పెట్టుకోకండి, లేబుల్‌తో అలాగే తాళం వేసి దాచండి. రెండోది, వెడల్పాకు మొక్కలను ఇది వదలదు. గాలి లేదనుకునే కొట్టాను, అయినా లాన్ అంచున మా ఆవిడ వేసిన తోటకూర మడి వంకర్లు తిరిగి పోయింది. అది నా తప్పే, అట్టముక్క అడ్డం పెట్టుకుని ఉండాల్సింది. కోసిన గడ్డిని కూరగాయల మడికి కప్పడం కూడా అప్పటినుంచి మానేశాను, మందు అందులోనూ ఉంటుంది. మూడోది, మీ లాన్‌లో వచ్చింది గరికో ఊదో అయితే దీనితో ఉపయోగం లేదు, డబ్బు పారేసుకోవద్దు. ముందు కాడ తిప్పి చూసుకోండి.

ఇంకో సంగతి, తుంగ గుత్తులు పది పన్నెండే ఉంటే ఈ మందు తలనొప్పి మీకెందుకు? వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు గునపంతో ముప్పావు అడుగు లోతు మట్టితో సహా తీసి, గడ్డలు ఏరి, ఎండలో పెంకులా ఎండబెట్టండి. కంపోస్టులో వేస్తే వచ్చే ఏడాది కుండీల్లో కూడా తుంగే. తుంగ కనిపించిన మొదటి ఏడే నేను ఈ పని చేసి ఉంటే వెయ్యి రూపాయలు, తోటకూర రెండూ మిగిలేవి. రోజూ పైపు పెట్టి తడపడం కూడా తగ్గించాను, తడి నేలంటే దానికి ప్రాణం. మామిడి నీడ పడే వైపు మొదటినుంచీ తక్కువే ఉంది, నీడ దానికి పడదు.

మిగిలిన ఆ 23 గుత్తులకు మందు తీయడం లేదు. గునపం బయటపెట్టాను, ఈ ఆదివారం వాన వెలిస్తే తవ్వుతా.