పాట అంటే కాగితమా, బాణీయా, పాడే నోళ్లా?

సద్దుల బతుకమ్మ నాడు నల్లగొండలో మా వాడ ఆడవాళ్లు ఉయ్యాల పాట పాడుతుంటే అమ్మ నడుమలో ఆగింది. "వదినా, రెండు చరణాలు మింగినవ్." మిర్యాలగూడ నుంచి వచ్చిన మేనత్త తిరుగుడు ఆపలేదు. "మింగితే ఏమైతది, పాట అదే గదా!"

అదేనా? అమెరికా తత్వవేత్త నెల్సన్ గుడ్‌మన్‌ను అడిగితే కాదనేవాడేమో. స్వరలిపిలో ఉన్నది ఉన్నట్టు వాయిస్తేనే అది ఆ కృతి, ఒక్క స్వరం తప్పినా కాదు అని 1968లో వాదించాడు. ఒక్కో తప్పునూ పోనీలే అనుకుంటూ పోతే బీథోవెన్ ఐదో సింఫనీ చివరకు పిల్లల పాటై కూర్చుంటుందని ఆయన భయం. భయం సబబే. కానీ ఆయన చెప్పింది కాగితం మీద రాసుకున్న సంగీతానికి. మా వాడలో ఆ కాగితం పని అమ్మ చేస్తోంది.

ప్లేటో బాట పట్టినవాళ్ల లెక్కలో కృతి అనాదిగా ఉన్న ఒక ధ్వనుల అమరిక. స్వరకర్త దాన్ని పుట్టించడు, కనిపెడతాడంతే. నాకు ఇది మింగుడు పడదు. పైగా ఉయ్యాల బాణీ ఒక్కటే అయినా దానిలో పాటలు బోలెడు. తెలంగాణ ఉద్యమంలో అదే బాణీలో కొత్త పాటలు కట్టారు. వాటిని పాత పాటలే అని ఎవరూ అనలేదు. మన దగ్గర పాట వేరు, బాణీ వేరు. ధ్వనుల అమరికే కృతి అనుకుంటే ఈ తేడా అందదు.

ఇంకో అమెరికా తత్వవేత్త జెరోల్డ్ లెవిన్‌సన్ 1980లో చెప్పింది ఇంకాస్త దగ్గరగా ఉంది. కృతిని ఒక మనిషి ఒక కాలంలో పుట్టిస్తాడు, ఏ వాద్యానికి కట్టాడో ఆ వాద్యం కూడా కృతిలో భాగమే అంటాడు. పాలమూరు వైపు ఇది బాగా నప్పుతుంది. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగల సాయన్న కథ పాడుతుంటే, సొరకాయ బుర్రల ఆ మోత తీసేసి కీబోర్డు పెడితే కథ మిగులుతుందేమో గానీ నాకైతే ఆ పాట మిగలదు. కానీ ఉయ్యాల పాటకు కట్టినవాళ్ల పేరేది, కట్టిన రోజేది? ఇక్కడ లెవిన్‌సన్‌కూ పట్టు దొరకదు.

అందుకే బతుకమ్మ వరకు నా ఓటు నోళ్లకే. ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ వచ్చిన వరసే పాట. గుడ్‌మన్ భయానికి జవాబూ అక్కడే ఉంది: మరీ దారి తప్పితే చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోరు, అమ్మలాగే ఆపుతారు. చిక్కల్లా ఒకటే. పాడేవాళ్లు పోతే పాట కూడా పోయినట్టే. నేను దానికి ఒప్పుకుంటాను, అమ్మ ఒప్పుకోలేదు. మర్నాడే ఆ రెండు చరణాలు నాతో నోట్‌బుక్‌లో రాయించింది. అత్త చూసి, తనకు మాత్రమే వచ్చే ఇంకో చరణం కింద రాయమంది.