కాలువ పక్క పబ్బుల్లో సండే రోస్ట్‌కి (ఆదివారం కాల్చిన మాంసం, దుంపలతో పెట్టే భోజనం) వెళ్లే వెజిటేరియన్లు దయచేసి ఇది చదవండి

ఇంటికొచ్చి రెండు గంటలైంది, ఇంకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. వచ్చే ఆదివారం మీలో ఎవరైనా అమ్మానాన్నల్ని తీసుకుని అక్కడికే బయల్దేరతారేమోనని ఆగకుండా రాస్తున్నాను.

ఇంగ్లండ్‌లో కోవెంట్రీ, లీమింగ్టన్ వైపు ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. గ్రాండ్ యూనియన్ కాలువ ఒడ్డున తెల్ల గోడల పాత పబ్బు, బయట చెక్క బల్లలు, ఎదురుగా వరసగా నారోబోట్లు, అంటే సన్నటి పొడవాటి కాలువ పడవలు. ఎండ కాస్తే చాలు, మనవాళ్ల ఫోటోలన్నీ అక్కడివే. పేరు ఇక్కడ పెట్టట్లేదు.

అమ్మ ఆరు నెలల వీసా మీద వచ్చింది. తెనాలి కాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషి. పొద్దున అదే కాలువ మీది హాటన్ తీసుకెళ్తే, పడవల కోసం నీటిమట్టం మార్చే అక్కడి 21 లాకులూ గట్టు వెంట నడుస్తూ చూసింది. పడవ వాళ్లు తలుపు దూలానికి వీపు ఆనించి నెడుతుంటే "ఇవి మన దుగ్గిరాల లాకులేనే!" అని చిన్నపిల్లలా సంబరపడింది. ఆ సంతోషం చూసే, భోజనం కూడా కాలవ పక్కనే చేద్దామని నేనే అన్నాను. నేనే బుక్ చేశాను.

అమ్మకి మాంసం బదులు గింజపప్పులతో చేసే నట్ రోస్ట్ చెప్తూ, బార్ దగ్గర ఆర్డరిచ్చేటప్పుడే అడిగాను. "మా అమ్మ మాంసం, చేప, గుడ్డు ఏవీ ముట్టరు. నట్ రోస్ట్ ప్లేటులో వచ్చేవన్నీ వెజిటేరియనేనా, గ్రేవీతో సహా?" అన్నాను. కౌంటర్లో ఉన్నావిడ మెనూలో వెజిటేరియన్ అని తెలిపే 'వి' గుర్తు మీద వేలు పెట్టి చూపించింది. గ్రేవీ మీకు వేరే చేస్తాం, ప్లేటంతా వెజ్జే, ఏం కంగారు పడొద్దు అంది. గుడ్డుంటుందని యార్క్‌షైర్ పుడ్డింగ్ తీసేయమన్నాను. సరేనంది. ఇంతకంటే ఎలా అడగాలి?

ప్లేటు వచ్చింది. కాల్చిన బంగాళాదుంపలు పైన బంగారు రంగు పెచ్చు కట్టి, కొరికితే కరకరమంటూ, లోపల వెన్నలా ఉన్నాయి. ఇక్కడి తిండి ఏదీ నోటికి ఎక్కడం లేదని వచ్చిన దగ్గర్నుంచీ అంటున్న అమ్మ, మూడు దుంపలు తిని నాలుగోది ఫోర్కుకి గుచ్చి, "ఇంత రుచెలా వచ్చిందే? ఏం నూనె వాడతారో కనుక్కో" అంది. నూనె బాగా కాగాక వేస్తారమ్మా అని చెప్పాను. ఆ మాట నా నోటితో నేనే చెప్పాను.

బాబు ఇంకొన్ని దుంపలు కావాలంటే ఒక గిన్నె విడిగా చెప్పాం. అది తెచ్చిన కుర్రాడికి పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు. గిన్నె బల్ల మీద పెడుతూ అమ్మ చీర, బొట్టు చూసి ఆగాడు. ఇవి బీఫ్ డ్రిప్పింగ్‌లో చేసినవి, మీకు పర్వాలేదా అని అడిగాడు. నా ప్రాణం గుటుక్కుమంది. "మరి ప్లేట్లలోవి?" అన్నాను. ఈ రోజు దుంపలన్నీ ఒకే ట్రేలోవి అన్నాడు. పాపం, వాడి మొహం తెల్లబోయింది. ఆ పబ్బులో నిజం చెప్పింది వాడొక్కడే.

డ్రిప్పింగ్ అంటే తెలియని వాళ్ల కోసం: గొడ్డు మాంసం కాల్చినప్పుడు కారే కొవ్వు. అమ్మకి ఇంగ్లీషు అంతగా రాదు గానీ బీఫ్ అన్న మాట తెలుసు. ఫోర్కుకున్న దుంపని ప్లేటు అంచున పెట్టేసి, టిష్యూతో పెదాలు తుడుచుకుని లేచి బయటికెళ్లిపోయింది.

మేనేజర్ని పిలిచాను. తప్పయిపోయిందన్న మాట వస్తుందనుకున్నాను. మాంసం ముక్క ఏదీ లేదు, కొవ్వే కదా అన్నాడు. మీ స్టాఫ్ ప్లేటంతా వెజ్ అని చెప్పారంటే అలర్జీ ఫైలు తెచ్చి తెరిచాడు. "మీరు అలర్జీ అని చెప్పలేదు. ఇది అలర్జీ కాదు, మీ ప్రిఫరెన్స్" అన్నాడు. అరవై ఏడేళ్ల మనిషి పుట్టి బుద్ధెరిగాక ముట్టనిది నోట్లో పెట్టించి, దాన్ని ప్రిఫరెన్స్ అన్నాడు! చుట్టుపక్కల బల్లల వాళ్లంతా నావైపే చూశారు. బిల్లులో నట్ రోస్ట్ పూర్తి ధర ఉంది, పైన 12.5 శాతం సర్వీస్ చార్జి. వాదిస్తే సర్వీస్ చార్జి తీశాడు, అంతే.

కిటికీలోంచి అమ్మ కనిపిస్తోంది. నీళ్ల సీసా వంచుకుని పుక్కిలిస్తోంది, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. కాలవలో ఉమ్మకుండా వెనక్కి తిరిగి గడ్డిలో ఉమ్మింది. అది చూశాక నాకు మాట పెగల్లేదు, కార్డు పెట్టేసి వచ్చేశాను. కట్టకుండా ఉండాల్సింది.

కార్లో అమ్మ ఒక్కటే మాటంది: "తెలిసి చేశామా, వదిలెయ్యి తల్లీ." ఇంటికొచ్చి తలస్నానం చేసి, పొద్దుటి నుంచి ఉన్న ఆకలితోనే పడుకుంది.

నేనెలా వదిలెయ్యను? ఈ దేశంలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. యార్క్‌షైర్ వైపు చిప్స్ కూడా బీఫ్ కొవ్వులో వేయిస్తారని నాకు తెలుసు. తెలిసీ గ్రేవీ గురించి అడిగాను, దుంపల గురించి అడగలేదు.

మీరు మాత్రం దుంపలు, కూరలు, చిప్స్ దేంట్లో వండారో ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి. బార్ దగ్గరి మాట నమ్మకుండా వంటగదిలో కనుక్కుని రమ్మనండి. అలర్జీ పట్టిక చూసి ధైర్యపడొద్దు. అందులో ఉండాల్సినవి 14 పదార్థాలే, పాలు, గుడ్లు, చేపలు, ఆవాలు లాంటివి. బీఫ్ ఆ జాబితాలో లేదు. మన ఇండియాలో ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్కకున్నట్టు ఇక్కడ 'వి' అక్షరం వెనక చట్టం లేదు. అయినా అడిగిన దానికి బదులు వేరేది పెట్టడం 1990 ఫుడ్ సేఫ్టీ యాక్ట్ ప్రకారం నేరమే. మెనూ, బిల్లు, ప్లేటు ఫోటోలు నా దగ్గరున్నాయి. రేపు పొద్దున్నే వినియోగదారులకి సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్‌కి ఫోన్ చేసి, వ్యాపారాల మోసాల మీద చర్య తీసుకునే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కి నా ఫిర్యాదు పంపమంటాను.

గ్రాండ్ యూనియన్ పక్కన ఎక్కడైనా రోస్ట్ బుక్ చేసుకున్న వాళ్లుంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, అదే పబ్బో కాదో చెప్తాను. ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు.