తడి చెత్తకు ఏది మేలు: మామూలు కంపోస్టా, వానపాముల పెట్టెనా?

ఖర్చు: కంపోస్టుకు అడుగున, పక్కల చిల్లులు పెట్టిన పాత బకెట్ చాలు. వానపాముల్ని మాత్రం కొనాలి. అదీ చెత్తలో బతికే ఎర్ర రకాన్నే. నేల లోతుల్లో ఉండేవి పెట్టెలో నిలవవు.

శ్రమ: కంపోస్టులో తడి చెత్త ఒక వంతు పడితే ఎండుటాకులో, చింపిన అట్టముక్కలో రెండు మూడు వంతులు పడాలి. అప్పుడప్పుడూ తిరగేయాలి. పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారిందంటే కంపు ఖాయం. వానపాములతో తిరగేసే పని లేదు, అవే తిరుగుతాయి. కానీ తిండి దగ్గర మహా పేచీ: నిమ్మతొక్కలు, ఉప్పూ నూనే ఉన్న కూరలు పనికిరావు.

రిస్క్: కంపోస్టు చెడితే వాసనే కదా, మరికాసిన్ని ఎండుటాకులు కలిపితే సర్దుకుంటుంది. పెట్టెలో వేడి 35 డిగ్రీలు దాటితే మాత్రం వానపాములు చస్తాయి. ఎండాకాలమంతా ఈ టెన్షన్ తప్పదు.

ఎరువు: వానపాములదే మెత్తగా, టీపొడిలా వస్తుంది.

ఎండుటాకులు పుష్కలంగా దొరికేవాళ్లకు, పోషణ మీద అంత శ్రద్ధ పెట్టలేనివాళ్లకు కంపోస్టే నయం. చోటు తక్కువైనా చల్లటి నీడ ఉంటే వానపాములు తెచ్చుకోవచ్చు. రోజూ వండినవే మిగిలే ఇంటికి రెండూ ఇబ్బందే. ముందు వండే కొలత తగ్గించాలి.